అద్దాలాయన రోడ్డు దాటిన సార్లు

ఏప్రిల్ 4

అమ్మలూ,

నీ తల మీద చెయ్యి వేసి దీవించినట్టే అనుకో. ఇవాళ అంతకంటే తీరిగ్గా దీవించే ఓపిక లేదు.

ఫోను చెయ్యకుండా ఉత్తరం ఏమిటని నవ్వకు. కొట్లో ఫోను నా కటింగు బల్ల పక్కనే ఉంటుంది. నేను గుసగుసలాడినా ఎదురు కొట్టువాళ్ళు లేచి జవాబు చెప్పేలా ఉంటుందని మీ అత్తయ్య అంటుంది. నేను చెప్పాల్సిందేమో ఆ ఎదురు కొట్టు గురించే.

మన ప్యాంట్ల మాస్టరు వెళ్ళిపోయాడు. ఎక్కడికో కాదు, రోడ్డుకు అవతలికి. తలుపులూ గోడలూ అన్నీ అద్దాలతో ఎదురుగా కొత్త టైలరింగు కొట్టు కడుతున్నారని నువ్వు పోయినసారి వచ్చినప్పుడు చూశావు కదా, అది తెరిచారు. దాని యజమానిని వీధంతా అద్దాలాయన అంటున్నారు. మొన్న సోమవారం ఆయన చేతులు ఊపుకుంటూ రోడ్డు దాటి వచ్చి, "మా దగ్గర మిషను మిషనుకీ ఒక ఫ్యాను ఉంటుంది మాస్టారూ" అన్నాడు. అంతే. పన్నెండేళ్ళు నా దగ్గర ప్యాంట్లు కుట్టిన మనిషి టేపు మడిచి జేబులో పెట్టుకుని ఆయన వెనకాలే నడిచాడు. ఒక్క ఫ్యాను కోసం! నన్ను అడిగితే అట్టముక్క ఇచ్చేవాణ్ణి కదా విసురుకోవడానికి.

నలుగురిలో ఒకడు పోయాడు. ఇక మిగిలింది చొక్కాలు కుట్టే ఈలాయన, కాజాలమ్మాయి, ఇస్త్రీ పెద్దాయన. ఈలాయన ఇంకా ఈల మానలేదు, నేను ఇంకా తిట్టడం మానలేదు.

ఇంత బెంగ ఎందుకంటే, వీధి చివర బడివాళ్ళు ఈసారి పిల్లల యూనిఫారాలన్నీ మనకే ఇచ్చారు. నాలుగు వందల జతలు. జూన్ పదిన బడి తెరుస్తారు. తొమ్మిది సాయంత్రానికి అప్పగించకపోతే ఆ ఆర్డరు, రేపు రాబోయే ఆర్డర్లూ అన్నీ అద్దాల కొట్టుకు పోతాయి. అప్పుడిక నేను కొట్టుకు తాళం వేసి కత్తెర మేకుకు తగిలించుకోవడమే. ఇంకో మనిషి కదిలాడా, నా పని అయిపోయినట్టే.

నీ కాలేజీ ఎలా ఉంది? పిల్లలు మాట వింటున్నారా? ఏం పాఠం చెబుతున్నావో రాయి. చదువుకుంటే నా మనసైనా కాసేపు కుదుటపడుతుంది.

మీ అత్తయ్య బాగానే ఉంది. ఇంట్లో ఒక్కతే ఏం తోచుతుందని ఎప్పటిలాగే రోజూ కొట్టుకు వచ్చి కూర్చుంటోంది. కూర్చుంటోందని మాటవరసకు అన్నాను. కొట్లో ఉన్నది ఒకే కుర్చీ, అది నాది.

కత్తెర ఇంకా చేతిలోనే ఉన్న
నీ మామయ్య


ఏప్రిల్ 11

మామయ్యా,

తీరిక లేని దీవెన అందింది. అదైనా సరే, ఇక్కడ నన్ను దీవించేవాళ్ళెవరూ లేరు. మధ్యాహ్నం క్లాసులో సగం మంది నిద్రపోతారు, మిగతా సగం మంది వాళ్ళను చూసి నవ్వుతారు. సుద్దముక్క విసరడంలో మాత్రం గురి బాగా కుదిరింది.

ఏం పాఠమని అడిగావు. విచిత్రం ఏమిటంటే, నేను చెబుతున్నది నీ కొట్టు కథే. పరమాణువు మధ్యలో కేంద్రకం ఉంటుంది. దాని చుట్టూ వరసలుగా ఎలక్ట్రాన్లు ఉంటాయి. కేంద్రకం వాటిని పట్టుకుని ఉంటుంది కాబట్టి ఒకదాన్ని ఊడలాగాలంటే శక్తి ఖర్చు పెట్టాలి. దాన్నే అయనీకరణ శక్తి అంటాం. మొదటిదాన్ని లాగడానికి తక్కువలో పోతుంది. రెండోదానికి అంతకన్నా ఎక్కువ కావాలి, ఎందుకంటే కేంద్రకం పట్టు ఏమీ తగ్గలేదు, ఒకదాన్నొకటి తోసుకునే ఎలక్ట్రాన్లు మాత్రం తగ్గాయి. అలా ఒక్కొక్కటీ పోయేకొద్దీ మిగిలినవి ఇంకా గట్టిగా ఉంటాయి.

అసలు తమాషా ఇక్కడ. బయటి వరస ఖాళీ అయిపోయి లోపలి వరస మీద చెయ్యి పడగానే ఖర్చు ఉన్నట్టుండి ఆకాశానికి ఎగురుతుంది. ఆ ఎగురుడు ఎన్నోదాని దగ్గర వచ్చిందో చూస్తే చాలు, అది ఏ మూలకమో కళ్ళు మూసుకుని చెప్పొచ్చు.

నువ్వు కేంద్రకం. నీ చుట్టూ నలుగురు. నాలుగు ఎలక్ట్రాన్లు ఉండేది బెరీలియానికి. బయటి వరసలో రెండు, లోపలి వరసలో రెండు. మొదటిదానికి ఒక వంతు ఖర్చయితే రెండోదానికి దాదాపు రెండు వంతులు. మూడోదానికి? పదహారు వంతుల పైమాటే! కాబట్టి మామయ్యా, ఇంకొకరు పోతే పోవచ్చు గానీ, ఆ తర్వాత మనిషిని కదిలించాలంటే అద్దాలాయన తాతలు దిగిరావాలి.

అత్తయ్యకు నా ముద్దులు. నా నీలం జాకెట్టు భుజాల దగ్గర పట్టేస్తోందని చెప్పు. తనకు అర్థమవుతుంది.

నీ మేనకోడలు


ఏప్రిల్ 21

శాస్త్రవేత్తగారికి,

నువ్వు బంగారానివే. నీ ఉత్తరం వచ్చేసరికి నా కళ్ళజోడు కనిపించలేదు, కాజాలమ్మాయి చేత పైకి చదివించాను. కొట్లో అందరూ విన్నారు. ఈలాయన ఈల ఆపి మరీ విన్నాడు. విన్నవాడు ఊరుకోకుండా శుక్రవారం వెళ్ళిపోయాడు.

కంగారు పడకు, నేనూ పడలేదు. వాడి కోసం అద్దాలాయన మూడుసార్లు రోడ్డు దాటాల్సి వచ్చింది. మొదటిసారి ఫ్యాను అన్నాడు. ఈలాయన తనకు చలి అన్నాడు. రెండోసారి మోటారు మిషను అన్నాడు. ఆలోచించుకుంటానన్నాడు. మూడోసారి వచ్చి, "మా కొట్లో ఎంతసేపైనా ఈల వేసుకోవచ్చు" అన్నాడు. ఆ మాటతో వీడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా కళ్ళతో చూశాను. ఇప్పుడు అద్దాల వెనక నుంచి ఈల వినిపించదు గానీ, మూతి సున్నాలా ఉండటం కనిపిస్తుంది. అది ఇంకా ఒళ్ళు మండిస్తోంది.

ప్యాంట్లకు ఒకసారి, చొక్కాలకు మూడుసార్లు. నువ్వు రెండు వంతులన్నావు, పోనీలే, అద్దాలాయన కొంచెం మందకొడి మనిషి. మొత్తానికి బయటి వరస ఖాళీ అయింది. ఇక మిగిలిన ఇద్దరూ లోపలి వరస. ఈ ధైర్యం మీద నిన్న ఒక పని చేశాను. కాజాలమ్మాయి తన మిషను దగ్గర వెలుతురు చాలడం లేదు, ఇంకో దీపం పెట్టించమని, చీకటి పడకముందే ఇంటికి పంపించమని అడిగింది. మామూలుగా అయితే బతిమాలుకునేవాణ్ణి. ఈసారి కాలు మీద కాలు వేసుకుని, "చూడమ్మాయ్, నువ్వు ఎక్కడికీ పోలేవు. సైన్సు ఒప్పుకోదు. నువ్వే కదా చదివావు!" అన్నాను. ఆ పిల్ల మిషను వైపు తిరిగి మళ్ళీ కాజాలు వేసుకుంది. మీ అత్తయ్య నా వైపు ఒక చూపు చూసి లోపలికి వెళ్ళిపోయింది. వాళ్ళకు చదువు విలువ తెలియదు.

నూట తొంభై జతలు అయ్యాయి. ఇకపై ప్యాంట్లూ చొక్కాలూ నేనే కుడతాను. మిషను మీద కూర్చుని చాలా ఏళ్ళయింది, కాళ్ళకు ఇంకా గుర్తుంది.

బెరీలియం
(అంటే నేనే)


ఏప్రిల్ 22

మామయ్యా,

నీ జవాబు ఇంకా రాలేదు గానీ, రాత్రంతా ఒకటే ఆలోచన. నిన్ను నేను ఎరుగుదును. పోయిన ఉత్తరంలో నేను రాసింది సరదాకు. మనుషులు ఎలక్ట్రాన్లు కారు, వాళ్ళకు మనసు నొచ్చుకుంటుంది. దాన్ని నమ్ముకుని ఎవరితోనూ ఏమీ అనకు, నీకు దండం పెడతాను.

ఇందులో నువ్వు నేర్చుకోదగ్గ సంగతి ఒక్కటుంది. కొన్ని ఎలక్ట్రాన్లు పోయాక మిగిలినవాటిని కేంద్రకం తనకు ఇంకా దగ్గరగా తీసుకుంటుంది. నువ్వూ అంతే చెయ్యి. ఉన్నవాళ్ళను దగ్గరికి తీసుకో.

ఇక్కడ హాస్టల్లో నీళ్ళ పంపు చెడిపోయింది. బాగుచేసేవాడు రోజూ వచ్చి, పంపు వైపు జాలిగా చూసి వెళ్ళిపోతున్నాడు.

నీ మేనకోడలు


మే 3

అమ్మాయ్,

నీ డిగ్రీ ఎక్కడిచ్చారో అక్కడికే వెళ్ళి తిరిగి ఇచ్చెయ్.

కాజాలమ్మాయి పోయింది. లోపలి వరస! పదహారు వంతులు! అద్దాలాయన నాలుగుసార్లు వచ్చాడు. ఐదోసారి సగం రోడ్డు దాకా వచ్చాడో లేదో, ఈ పిల్ల సంచీ భుజాన వేసుకుని ఎదురు వెళ్ళింది. నాలుగున్నర! వెళ్తూ వెళ్తూ నాతో ఏమందో తెలుసా? "సైన్సుకు నా నమస్కారాలు చెప్పండి సార్" అంది.

అప్పటికీ నీ రెండో ఉత్తరంలో రాసినట్టే అక్షరం పొల్లుపోకుండా చేశాను. నీదీ నాదీ దారిలో ఒకదాన్నొకటి దాటుకుపోయినట్టున్నాయి, అది నాకు శనివారం అందింది. దగ్గరికి తీసుకోమన్నావు కదా. ఆ సాయంత్రమే నేనూ ఇస్త్రీ పెద్దాయనా కలిసి కాజాలమ్మాయి మిషనును, ఇస్త్రీ బల్లను ఈడ్చి నా కటింగు బల్లకు ఆనించాం. నా మోచేయి ఆ పిల్ల సూదికి తగిలేంత దగ్గర. ఇస్త్రీ పెట్టె ఆవిరి నా కళ్ళజోడు మీదికి కొడుతోంది. ఆ పిల్ల వేసే ప్రతి కాజానూ నేను వంగి చూసే వీలు దొరికింది, చూశాను కూడా. ఇంతకంటే దగ్గరికి ఏ కేంద్రకం తీసుకోగలదు? మూడో రోజున ఆ పిల్ల, "సార్, మీరు ఊపిరి తీసుకుంటుంటే నాకు లెక్క తప్పుతోంది" అని ఏడ్చింది.

ఇప్పుడు కొట్లో నేనూ ఇస్త్రీ పెద్దాయనా మిగిలాం. ఆయనకు మూడేళ్ళ నుంచి ఒక చెవి వినిపించదు, అందుకే నా తిట్లు సగమే చేరుతున్నాయి. ఇంకా నూట డెబ్బై జతలున్నాయి. కాజాలు లేని చొక్కాలు కుప్ప పడి ఉన్నాయి. బడి పెద్ద పంతులమ్మ నిన్న వచ్చి ఆ కుప్ప చూసి, అద్దాల కొట్టు వైపు ఒకసారి చూసింది.

నేను రాసినదానికి నొచ్చుకోకు. నొచ్చుకున్నా ఫరవాలేదు.

మామయ్య


మే 10

మామయ్యా,

మిషన్లు ఈడ్చమని నేనెక్కడ రాశాను? దగ్గరికి తీసుకోవడమంటే నాలుగు మంచి మాటలు చెప్పడం అని ఎవరైనా... సరే, తప్పు నాదే. నీకు రాసేటప్పుడు ప్రతి మాటకూ కొలతలు రాయాలని మర్చిపోయాను. కాజాలమ్మాయిని తలుచుకుంటే నాకు సిగ్గుగా ఉంది. నా ఉత్తరం ఆ పిల్ల చేతే చదివించావు చూడు, అది నాకు మింగుడుపడటం లేదు.

కానీ నీ లెక్క ఒకటి నన్ను వదల్లేదు. ఒకటి, మూడు, నాలుగున్నర. క్లాసులో మూలకాల పటం వైపు బెత్తం చూపిస్తూ పాఠం చెబుతున్నాను. బెత్తం బెరీలియం దాటి తర్వాతి మూలకం గడి మీదికి వెళ్ళింది. మొదటిదానికి ఒక వంతు, రెండోదానికి మూడు, మూడోదానికి నాలుగున్నర. చేతిలో బెత్తం ఆగిపోయింది. ఒక్కసారిగా పైకి నవ్వేశాను. పిల్లలు నిద్రలు లేచి, ఎవరిని చూసి నవ్వానో తెలియక ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

మామయ్యా, నీ కొట్టు బెరీలియం కాదు. అది బోరాన్.

బోరాన్‌కు బయటి వరసలో ముగ్గురు, లోపలి వరసలో ఇద్దరు. ముగ్గురూ పద్ధతి ప్రకారమే పోయారు. అద్దాలాయన మందకొడి మనిషేమీ కాదు, అచ్చంగా లెక్క ప్రకారం రోడ్డు దాటాడు. సైన్సు తప్పలేదు. నువ్వు నాకు ఇచ్చిన లెక్కే తప్పు. బోరాన్‌కు ఐదు ఎలక్ట్రాన్లు. నువ్వు నలుగురని రాశావు. ఐదో మనిషి ఎవరు?

పొద్దున్నే కొట్టు తాళం తీసేది ఎవరు? మిషన్లకు నూనె వేసేది ఎవరు? ఆడవాళ్ళ కొలతలు తీసేది, చేతికుట్టు కుట్టేది, అనుకున్న రోజుకు బట్టలు అందక అరుస్తూ వచ్చినవాళ్ళను నవ్వించి పంపేది ఎవరు? నేను పదేళ్ళ పిల్లగా ఉన్నప్పటి నుంచీ చూస్తున్నాను. నువ్వేమో "కొట్టుకు వచ్చి కూర్చుంటోంది" అని రాశావు, పైగా కుర్చీ నాది అని కూడా రాశావు. నేనూ నవ్వుకుని ఊరుకున్నాను. అత్తయ్యను నువ్వు లెక్కపెట్టలేదు. నువ్వు పెట్టలేదు కదా అని నేనూ పెట్టలేదు.

బోరాన్‌లో నాలుగోదాన్ని లాగాలంటే ముప్పై ఒక్క వంతులు కావాలి. ఇస్త్రీ పెద్దాయన సంగతి అది. అత్తయ్య సంగతి నువ్వే ఆలోచించుకో.

కోపంగా ఉన్న
నీ మేనకోడలు


మే 19

అమ్మలూ,

నీ ఉత్తరం చదివి మొదట నవ్వొచ్చింది. ఇంట్లో మనిషిని పనివాళ్ళలో ఎలా కలుపుతాం? కేంద్రకం భార్య గురించి మీ పుస్తకాల్లో ఏమైనా రాశారా? ఇవన్నీ గట్టిగా అడుగుతూ జవాబు రాద్దామని కూర్చున్నాను. సుద్ద కావాల్సి వచ్చి, "సుద్ద ఏదీ?" అన్నాను. తల ఎత్తకుండానే చెయ్యి చాపాను. చేతిలోకి సుద్ద వచ్చింది. అప్పుడు తల ఎత్తాను.

ఆ రోజంతా కత్తెర పట్టుకుని ఆవిణ్ణే చూస్తూ కూర్చున్నాను. ఒక ప్యాంటు కాలు పొట్టిగా కత్తిరించాను కూడా. గోడ వారగా మిగిలిన పిల్లల గుడ్డలు కట్టలు కట్టి ఉన్నాయి. ఏ కట్ట ఏ పిల్లాడిదో చీటీ లేకుండా చెబుతోంది. కాజాలు చేత్తో వేస్తోంది. నడుమ నడుమ ఇస్త్రీ పెద్దాయన వినిపించే చెవి వైపుకు వెళ్ళి మంచినీళ్ళు తాగమని చెబుతోంది. నేను ఎప్పుడైనా చెప్పానా? ఆయనకు దాహం వేస్తుందని నాకు తట్టనే లేదు.

మర్నాడు నా కుర్చీ తీసుకెళ్ళి ఆవిడకు వేశాను. "ఏమైంది?" అంది. "కూర్చో" అన్నాను. నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. మధ్యాహ్నం టీ నేనే తెచ్చి ఇచ్చేసరికి భయపడిపోయి, డాక్టరు దగ్గరికి వెళ్దాం పదమంది. ప్రేమగా ఉండటం ఇంత కష్టమని నాకు తెలియదు.

అద్దాలాయన ఇప్పుడు పెద్దాయన మీద పడ్డాడు. రోజుకు రెండుమూడు సార్లు వస్తున్నాడు. ఇప్పటికి పదిహేడు. పెద్దాయన ఆయన చెప్పేదంతా వినిపించని చెవితో శ్రద్ధగా వింటున్నాడు. అది పోనీ. నిన్న పోతూ పోతూ గుమ్మంలో ఆగి మీ అత్తయ్యకు నమస్కారం పెట్టాడు. నవ్వాడు కూడా! ఆవిడ తిరిగి నమస్కారం పెట్టింది. నాకు ఆ పూట అన్నం సహించలేదు. లోపలి వరసలో ఇద్దరంటున్నావు. ఆవిణ్ణి కూడా అడిగితే? వెళ్ళిపోతానంటే నేను ఏ మొహం పెట్టుకుని ఆపాలి?

నూట ఇరవై జతలు మిగిలాయి. కళ్ళు మండుతున్నాయి, కాళ్ళు వాచాయి. ఈ లెక్కన తొమ్మిదో తారీకుకు కావు. నాకు భయంగా ఉంది, అమ్మలూ.

మామయ్య


మే 27

మామయ్యా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి ఏడుపొచ్చింది, టీ దగ్గర మళ్ళీ నవ్వొచ్చింది.

పాఠంలో మిగిలిన సగం చెబుతాను, ఇది మాత్రం నమ్ము. ఎలక్ట్రాన్లు పోయినా కేంద్రకం పట్టు పోదు. అవి మళ్ళీ దగ్గరకొస్తే వాటంతట అవే వచ్చి చేరతాయి. లాగడానికి ఎంత ఖర్చయిందో, చేరినప్పుడు అంతా తిరిగి బయటకు వస్తుంది, వెలుగు రూపంలో. తిరిగి రప్పించడానికి కేంద్రకం చెయ్యాల్సిందేమీ లేదు. ఉన్నచోట ఉంటే చాలు.

అందుకని పని మధ్యలో ఒకసారి గుమ్మంలోకి వెళ్ళి, ఆ ముగ్గురికీ కనిపించేలా నిలబడు. మొహం కొంచెం ప్రసన్నంగా పెట్టుకో. పద్ధతిగా పిలువు. పిలిచేటప్పుడు సైన్సు అనే మాట ఎత్తకు. మిషన్లు మాత్రం ముందే వెనక్కి జరిపించు!

నీ మేనకోడలు


జూన్ 12

అమ్మలూ,

ఇన్నాళ్ళూ రాయనందుకు ఏమీ అనుకోకు. చేతులు ఖాళీ లేవు. ముందు అసలు సంగతి: తొమ్మిదో తారీకు సాయంత్రం నాలుగు వందల జతలూ అప్పగించాం. పెద్ద పంతులమ్మ ఒక కాజా వేలితో తడిమి చూసి తల ఊపింది. కొట్టు నిలబడింది.

ఎలా నిలబడిందో చెబుతాను. నీ ఉత్తరం అందిన పూటే మిషన్లు వెనక్కి జరిపించి, మొహం కడుక్కుని, గుమ్మంలోకి వెళ్ళి ప్రసన్నంగా నిలబడ్డాను. అద్దాల వెనక ఈలాయన నన్ను చూశాడు. మూతి సున్నా కాస్తా గీత అయిపోయింది. కాజాలమ్మాయి మిషను అవతలికి తిప్పుకుంది. ప్యాంట్ల మాస్టరు ఫ్యాను పెద్దది చేసుకున్నాడు. చెయ్యి ఊపాను. అద్దాలాయన నేను గొడవకు వస్తున్నానేమో అనుకుని షట్టరు సగం దించాడు. అరగంట నిలబడ్డాను. నా ప్రసన్నత చూసి దారినపోయే పిల్లవాడొకడు ఏడ్చాడు.

"ఏం చేస్తున్నారక్కడ?" అంటూ మీ అత్తయ్య మెడలో టేపుతో బయటకు వచ్చింది. నా పక్కన నిలబడి ఎదురుగా చూసింది. అంతే, అమ్మలూ. పిలవలేదు, చెయ్యి ఊపలేదు. ముందు కాజాలమ్మాయి బయటకు వచ్చింది, ఆ సగం దించిన షట్టరు కింద నుంచి వంగి. "అమ్మా, అలా చిక్కిపోయారేంటి? కాజాలన్నీ మీరే వేస్తున్నారా?" అంటూ రోడ్డు దాటింది. దాని వెనక ఈలాయన. ఆ వెనక ప్యాంట్ల మాస్టరు, ఫ్యాను ఆపకుండానే. అద్దాలాయన ఇన్నిన్నిసార్లు తిరిగి లాక్కున్న ముగ్గురూ ఒక్క నిమిషంలో నా గుమ్మంలో ఉన్నారు, ఆవిడ చుట్టూ. నేను అటు పక్కన, నా ప్రసన్నమైన మొహంతో.

ఆ సాయంత్రం అడిగాను, "ముందే పిలవొచ్చుగా?" అని. "నలుగురే ఉన్నారని మీరు పిల్లకు రాశారు. ఆ నలుగురిలో నేను లేను. లేనిదాన్ని ఎలా పిలుస్తాను?" అంది. నీ మొదటి ఉత్తరం పైకి చదివించిన రోజు ఆవిడ కూడా అక్కడే ఉంది కదా. నాకు చివుక్కుమంది. "తప్పయింది" అన్నాను. "కుర్చీ ఇచ్చిన రోజే అర్థమైందిలెండి, కానీ డాక్టరు అని భయపడ్డాను" అంది.

ప్యాంట్ల మాస్టరు యూనిఫారాలు అయిపోగానే మళ్ళీ రోడ్డు దాటేశాడు, ఫ్యాను ఫ్యానే అన్నాడు. మిగిలిన ఇద్దరూ ఉండిపోయారు. కాజాలమ్మాయికి దీపం పెట్టించాను. ఈలకు పొద్దున ఒక గంట ఒప్పుకున్నాను.

ఇస్త్రీ పెద్దాయన కోసం అద్దాలాయన సరిగ్గా ముప్పైసార్లు వచ్చి ఆగిపోయాడు. మోకాలు పట్టేసిందట. ఇంకొక్కసారి వచ్చి ఉంటే ఏమయ్యేదోనని నాకు ఇప్పటికీ దడే.

ఇక నీ పాఠం సంగతి. బోరాన్ అన్నావు, బోరానే. ఐదుగురన్నావు, ఐదుగురే. కానీ నన్ను మధ్యలో పెట్టావు. ఆ నలుగురినీ ఇన్నేళ్ళు పట్టి ఉంచింది నేనైతే నన్ను చూసి షట్టరు కింద నుంచి రావాలి కదా. నలుగురు పనివాళ్ళూ నేనూ కలిస్తే ఐదు. మధ్యలో ఉన్నది మీ అత్తయ్య. పటం మీద అలాగే దిద్దుకో. నువ్వు మళ్ళీ కోప్పడతావేమో గానీ, ఇది తెలిశాక నాకు చిన్నతనం అనిపించలేదు. ఇన్నేళ్ళూ అందరినీ నేనే మోస్తున్నానని అనుకుని అరిచేవాణ్ణి. ఇప్పుడు హాయిగా ఉంది.

దానికి పరీక్ష కూడా అయింది. నిన్న అద్దాలాయన కుంటుకుంటూ వచ్చాడు. పెద్దాయన కోసం కాదు, నా కోసం. "కటింగు మాస్టరుగా రండి సార్. మీకు విడిగా గది, తిరిగే కుర్చీ" అన్నాడు. ముప్పై ఏళ్ళ నుంచి అలాంటి కుర్చీ మీద నాకు మోజని ఎవరు చెప్పారో. ఒక్క క్షణమైనా ఆలోచించకుండా, "వద్దండీ" అన్నాను. అన్న తర్వాత నాకే ఆశ్చర్యం వేసింది.

ఆయన వెళ్ళాక మీ అత్తయ్య సూదిలో దారం ఎక్కిస్తూ అడిగింది, "అంత మంచి కుర్చీ ఇస్తానంటే ఎందుకు వద్దన్నారు?"

బోరాన్ గురించి, లోపలి వరస గురించి చెబుదామని నోరు తెరిచాను. వచ్చిన మాట వేరే. "నువ్విక్కడ ఉన్నావుగా" అన్నాను.

ఆవిడ దారం కొస మళ్ళీ మళ్ళీ తడుపుతోంది. సూదిలోకి దారం మాత్రం ఎక్కడం లేదు. చివరికి సూదీ దారమూ నా చేతిలో పెట్టి, "ఇది ఎక్కించి, ఆ ప్యాంటు గుడ్డ కత్తిరించండి. ఈసారైనా రెండు కాళ్ళూ సమానంగా ఉండాలి" అని కళ్ళు తుడుచుకుంటూ లోపలికి వెళ్ళింది.

నీ మామయ్య